పేరు లేని మంద్రస్వరం

పాటకు పునాదియై నిలిచియు, రికార్డు అట్టమీదికి మాత్రము ఎక్కని బేస్ గిటారు వాద్యకారులు తోటి సంగీతజ్ఞులను తీర్చిదిద్దిన కథ

1983 మార్చి 25వ తేదీ సాయంకాలము, కాలిఫోర్నియా రాష్ట్రములోని పాసడీనా పట్టణమున, మోటౌన్ రికార్డు సంస్థ తన 25 ఏండ్ల ఉత్సవమును మహావైభవముగా జరుపుకొన్నది. మైకేల్ జాక్సన్ వెనుకకు జారుచు నడచిన ఆ వింత నడకను లోకము తిలకించినది ఆ ఉత్సవములోనే. డయానా రాస్, మార్విన్ గే, స్టీవీ వండర్ మొదలైన తారలు వేదిక నలంకరించియుండగా, వారి పాటలలో పెక్కింటికి అడుగున నిలిచి బేస్ గిటారు వాయించిన జేమ్స్ జేమర్సన్ మాత్రము, పిలుపు రానివాడై, తానే టిక్కెట్టు కొనుక్కొని, బాల్కనీలో పదుగురితోపాటు కూర్చుండి ఆ వేడుకను చూచినాడు. మరి నాలుగు నెలలు దాటీదాటకముందే, ఆగస్టు 2వ తేదీన, 47 ఏండ్ల వయస్సులో కన్నుమూసినాడు.

సామాన్యశ్రోత పాటను గుర్తుంచుకొనునది మొదట గాయకుని కంఠమును బట్టి, తరువాత పల్లవిని బట్టి, కొంచెము రసికుడైనచో నడుమ వచ్చు వేణువునో వయొలిన్ల సమూహమునో బట్టి. వీటన్నిటికి దిగువన, చెవికంటె ముందుగా రొమ్మునకు తగులుచు నడచు బేస్ నాదమును విడదీసి వినువారు బహు అరుదు. అందువలన ఆ వాద్యకారునికి జనసామాన్యములో పేరు రాదు. కాని సంగీతజ్ఞుల లోకములోని న్యాయము వేరు. అక్కడ అందరు మొదట చెవియొగ్గునది దానికే. ఒకడు కనిపెట్టిన గతి రికార్డు పళ్లెముమీద సముద్రములు దాటి, అతని పేరుగాని ఊరుగాని తెలియని మరియొకని చెవినబడి, వాని వ్రేళ్ల నడకను మార్చి, వాని మూలమున వేరొక తరమునకు సంక్రమించిన ఉదంతములు ఈ చరిత్రలో కోకొల్లలు. ఈ విద్య గురుముఖమున వచ్చినది తక్కువ, చెవిదొంగతనమువలన వచ్చినది ఎక్కువ.

మన కచేరీలకు అలవాటుపడిన శ్రోతకు ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. మంద్రషడ్జమును తంబురా ఎడతెగక పలుకుచునే ఉండును గదా, దానిని వినిపించుటలో అంత ప్రతిభ ఏమున్నదని. తంబురా శ్రుతి కచేరీ ఆద్యంతము కదలదు. రాగమంతయు దాని నాశ్రయించి విహరించును. పాశ్చాత్య సంగీతములో ఆ ఆధారషడ్జమే అడుగడుగునకు మారుచుండును, ఆ మార్పు బేస్ వాద్యకారుని చేతిలోనుండును. పైన పియానో షడ్జ, అంతరగాంధార, పంచమములను ఒక్కుమ్మడిగా పలికించుచున్నదనుకొనుడు. దిగువన బేస్ షడ్జమునే పలికినచో ఆ ధ్వని తేటగా, ఉల్లాసముగా వినబడును. పై మూడు స్వరములను కదపకయే, దిగువన చతుశ్రుతి ధైవతమును మీటి చూడుడు. అదే పియానో, అవే స్వరములు, కాని వానిపై ఏదో దిగులు నీడ పడును. పాటలోని భావమును ఇంత మౌనముగా తారుమారు చేయగల అధికారము గాయకునికి సైతము లేదు.

ఈ వాద్యము వయస్సు పెద్దది కాదు. నిలువెత్తు డబుల్ బేస్ శతాబ్దములనాటిదైనను, మెడకు తగిలించుకొని వాయింపదగిన విద్యుత్ బేస్ గిటారును జనసామాన్యమునకు అందించినవాడు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నివాసియైన లియో ఫెండర్, అది 1951లో. నాలుగు తీగలు, 34 అంగుళముల తీగ నిడివి, మన వీణకువలె మెట్లు. అన్నిటికంటె లావుపాటి తీగ సెకనుకు ఇంచుమించు 41 స్పందనములు చేయును. చేతిలోని సెల్‌ఫోను స్పీకరు దానిని పలుకనే పలుకదు. పెద్ద డబుల్ బేస్‌ను కారు పైకప్పునకు కట్టుకొని ఊరూరు తిరుగలేక అవస్థపడుచున్న వాద్యకారులకు ఇది వరప్రసాదమైనది.

డబుల్ బేస్‌ను వెనుకవరుసనుండి ముందునకు తెచ్చిన మహనీయుని పేరు చెప్పక ముందుకు సాగుట భావ్యము కాదు. 1939లో సెయింట్ లూయిస్ నగరమున జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ కంటబడిన జిమ్మీ బ్లాంటన్ అప్పటికి ఇరువది దాటిన యువకుడు. బేస్ అనగా తాళమునకు అనుగుణముగా తీగలాగుటయే యని అందరు భావించు రోజులలో ఇతడు దానిపై పాటవంటి వరుసలను పలికించినాడు. ఎల్లింగ్టన్ అతనికొరకు ప్రత్యేకముగా రచనలు చేసినాడు, పియానో–బేస్ జంటగా రికార్డులిచ్చినాడు. క్షయవ్యాధివలన 1942లో, 23 ఏండ్లకే, బ్లాంటన్ మరణించినాడు. అతడు ఎల్లింగ్టన్ బృందములో ఉన్నది రెండేండ్లే; కాని పిట్స్‌బర్గ్‌లో ఆ రికార్డులను అరగదీసిన బాలుడు రే బ్రౌన్ తరువాత జాజ్ బేస్‌కు ప్రమాణపురుషుడైనాడు, చార్లెస్ మింగస్ అంతటి స్వతంత్రుడును ఆ అడుగుజాడలను అంగీకరించినాడు.

పాములగోతిలో పండినవాడు

ఇక జేమర్సన్. ఈ వ్యాసకర్త పక్షపాతమును దాచుకొనదలచుకొనలేదు. విద్యుత్ బేస్ గిటారుకు ఆదికవి యెవరని అడిగినచో చెప్పవలసినది ఈ ఒక్క పేరే.

1936 జనవరి 29న దక్షిణ కరొలైనా తీరములోని ఎడిస్టో దీవిలో పుట్టినాడు. చిన్ననాట ఒక వెదురుబద్దకు రబ్బరును సాగదీసి కట్టి, చీమలపుట్టలో గ్రుచ్చి మీటుచు, ఆ అదురుకు బయటికి వచ్చిన చీమలు నాట్యమాడుచున్నవని మురిసిపోయెడివాడని చెప్పుదురు. 1954లో డెట్రాయిట్ నగరమునకు చేరి, అక్కడి ఉన్నతపాఠశాలలో డబుల్ బేస్ పట్టి, రాత్రిపూట జాజ్ క్లబ్బులలో చేయి తిప్పుకొన్నాడు. 1959లో బెర్రీ గార్డీ అను యువకుడు కుటుంబమునుండి 800 డాలర్లు అప్పు తెచ్చి, వెస్ట్ గ్రాండ్ బులవార్డులో 2648 నంబరు ఇంట మోటౌన్ రికార్డు సంస్థను స్థాపించినాడు. ఆ ఇంటి గ్యారేజియే రికార్డింగు గది. పైకప్పునుండి వ్రేలాడు తీగల చుట్టలను చూచి వాద్యకారులు దానికి పెట్టుకొన్న పేరు పాములగోయి. 1960వ దశకములో అమెరికా యువత పాడుకొన్న పాటలలో ఎన్నియో ఆ గోతినుండి వెలువడినవే.

అక్కడ పనిచేసిన ‘ఫంక్ బ్రదర్స్’ బృందమంతయు జాజ్ వాసన గలది. వారి ముందు పెట్టునది తరచు స్వరసమూహముల పేర్లు వ్రాసిన కాగితము ముక్క మాత్రమే. మిగిలినది వాద్యకారుని ప్రతిభకు వదలబడెడిది. ఆ ఖాళీజాగాయే జేమర్సన్ సామ్రాజ్యము. అంతకుముందు బేస్ అనగా ఆధారస్వరము, పంచమము, మరల ఆధారస్వరము అను మూడు మాటల ముచ్చట. అతడు ఒక స్వరసమూహమునుండి మరియొకదానికి పోవు త్రోవలో, రెండింటికిని చెందని నడిమి స్వరములను తొక్కుచు, తాళము దెబ్బ పడవలసినచోట పడక ఆ వెనువెంటనే పడుచు, ఖాళీ తీగను నడుమ నడుమ అనుకోని వేళ మ్రోగించుచు, ఒకసారి నడచిన బాటను రెండవసారి తొక్కక సాగెడివాడు. ‘ఫోర్ టాప్స్’ బృందము 1967లో పాడిన ‘బెర్నడెట్’ పాటను తీసికొనుడు. అందులో గాయకుడు ప్రేయసిని వేడుకొనుచుండగా, దిగువన బేస్ ఆ వేడికోలునకు ఒక పిచ్చి ఆతురతను జోడించి పరుగులిడుచుండును. పాట పూర్తియగువరకు ఆ వరుస ఒక్కచోట నిలువదు, అయినను గాయకుని దారికి అడ్డము రాదు. ఎంత కష్టము ఈ వినయము! మరొక మూలన, 1964లో ‘టెంప్టేషన్స్’ పాడిన ‘మై గర్ల్’ ఆరంభమును చూడుడు. ఏమియు లేని నిశ్శబ్దములో బేస్ ఒక్కటే రెండు మూడు స్వరములతో తొలి అడుగు వేయును, అటుపిమ్మట గిటారు మెట్లెక్కుచు వచ్చి చేరును. అనేక స్వరములు తెలిసినవాడే అంత తక్కువ స్వరములతో తృప్తిపడగలడు.

అతని పనిముట్టును గూర్చి వాద్యకారులు ఇప్పటికిని కథలుగా చెప్పుకొందురు. 1962నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ ఒక్కటి. దానిపై నునుపైన లావుపాటి తీగలు. అవి తెగినప్పుడు తప్ప మార్చెడివాడు కాడు. మురికి పోయినచో నాదము పోవునని అతని సిద్ధాంతము. తీగల ఎత్తు ఇతరులు నొక్కజాలనంత. కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే సమస్తమును మీటెడివాడు. డబుల్ బేస్ నాటి అలవాటది, దానికి మిత్రులు ‘కొక్కెము’ అని ముద్దుపేరు పెట్టినారు. రెండు వ్రేళ్లతో, మూడు వ్రేళ్లతో సాధనచేయు నేటి విద్యార్థులు ఆ రికార్డులలోని వేగమును విని, ఇది ఒక్క వ్రేలి పనియని చెప్పినప్పుడు నమ్మరు.

ఇంత చేసినను రికార్డులమీద పేరు లేదు. మోటౌన్ అట్టలపై వాద్యకారుల పేర్లు వేయు ఆచారమే లేదు. 1971లో మార్విన్ గే తన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమునందు పట్టుబట్టి అందరి పేర్లను అచ్చువేయించినాడు. జేమర్సన్ పేరునకు ముందు ‘సాటిలేని’ అను విశేషణమును చేర్చినాడు. అదే పేరు గల పాట రికార్డింగునకై గే అతనిని ఊరిలో ఏదో క్లబ్బునుండి వెదకి పట్టి తెచ్చినాడనియు, అప్పటికే కూర్చుండలేనంతగా త్రాగియున్న జేమర్సన్ నేలపై వెల్లకిల పరుండి వాయించినాడనియు చెప్పుదురు. కథ ఎంతవరకు నిజమైనను, ఆ పాటలోని బేస్ వరుస మాత్రము తొణకని కుండవలె ఉండును. మరుసటి ఏడు సంస్థ లాస్ ఏంజలస్‌కు తరలిపోయినది. జేమర్సన్ వెంట వెళ్లినాడుగాని, అభిరుచులు మారిన ఆ కొత్త నగరములో అతనికి నిలదొక్కుకొను చోటు దొరకలేదు. మద్యము మిగిలిన పని పూర్తిచేసినది. మరణమునకు కొలది దినముల ముందు ఆ 1962నాటి బేస్ గిటారును కూడ ఎవరో దొంగిలించినారు.

అతనికి న్యాయము చేసినది పండితుడో ప్రభుత్వమో కాదు, మరియొక వాద్యకారుడు. ఆలన్ స్లట్స్కీ అను గిటారిస్టు ఏండ్లతరబడి ఆ బేస్ వరుసలను విని స్వరలిపిలో వ్రాసి, జీవితకథను సేకరించి, 1989లో ఒక గ్రంథముగా ప్రకటించినాడు. దానికి జతపరచిన క్యాసెట్లలో పేరుమోసిన బేస్ వాద్యకారులు ఆ వరుసలను శిష్యభావముతో వాయించినారు. 2002లో ఆ గ్రంథము ఆధారముగా చలనచిత్రము వచ్చి, మిగిలియున్న ఫంక్ బ్రదర్స్‌ను వేదిక యెక్కించినది. అంతకు రెండేండ్ల ముందు, తెరవెనుక వాద్యకారులకని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఒక విభాగమును తొలిసారి తెరచినప్పుడు ఆ మొదటి జట్టులోనే జేమర్సన్ పేరు చేరినది.

అట్లాంటిక్‌కు ఆవలి చెవి

బీటిల్స్ బృందములో బేస్ వాయించుటకు మొదట ఎవ్వరికిని మనసు లేదు. 1961లో స్టూ సట్‌క్లిఫ్ చిత్రకళాభ్యాసమునకై బృందమును వీడగా ఆ బరువు పాల్ మెకార్ట్నీ మెడను పడినది. ఎడమచేతివాడగుటచే, తలక్రిందులుగా పట్టినను వికారముగా కనబడని వయొలిన్ ఆకారపు హాఫ్నర్ బేస్‌ను హాంబర్గ్ నగరములో ఇంచుమించు 30 పౌండ్లకు కొన్నాడు. బృందము 1963నాటి రెండవ ఆల్బములోనే మోటౌన్ పాటలు మూడింటిని తిరిగి పాడినదన్నచో, లివర్‌పూల్ కుర్రవాండ్రు ఆ డెట్రాయిట్ రికార్డులను ఎంత శ్రద్ధతో విన్నారో ఊహింపవచ్చును. వాయించినది ఎవరో తెలియకయే తాను అభిమానించిన ఆ బేస్ జేమర్సన్‌దని తరువాతికాలమున తెలిసికొన్న మెకార్ట్నీ, తనపై అతని ప్రభావమును బాహాటముగా పలుమారు చెప్పినాడు.

అంతటితో ఆగినచో అది అనుకరణ కథయే యగును. కాలిఫోర్నియాలో బ్రయన్ విల్సన్ అను మరియొక బేస్ వాద్యకారుడుండెను. బీచ్ బాయ్స్ బృందమునకు పాటలు కట్టువాడు. బీటిల్స్ ఆల్బము ‘రబ్బర్ సోల్’ విని చకితుడై, దానికి దీటుగా 1966లో ‘పెట్ సౌండ్స్’ను రచించినాడు. అందులో బేస్ ఆధారస్వరమును వీడి, పంచమముమీదనో గాంధారముమీదనో నిలిచి, పైనున్న స్వరసమూహమును గాలిలో తేలుచున్నట్లు చేయును. దానిని విని మెకార్ట్నీ చకితుడైనాడు. ఫలితముగా 1967నాటి ‘సార్జెంట్ పెప్పర్’లో బేస్ ఒక రెండవ గాయకునివలె తన పాట తాను పాడినది, పాట యంతయు సిద్ధమైన పిమ్మట, తక్కినవారు వెళ్లిపోయిన వేళ, అతడు ఆబీ రోడ్ స్టూడియోలో బేస్‌ను వేరుగా తీరికగా చేర్చెడివాడు. ఒకరినొకరు ఓడింపదలచిన ఇద్దరు బేస్ వాద్యకారుల పోటీలో శ్రోతలు గెలిచినారు.

‘పెట్ సౌండ్స్’లో ఆ బేస్ వరుసలను వాయించినవారిలో ప్రముఖురాలు కరోల్ కే. జాజ్ గిటారు వాయించుకొని బిడ్డలను పోషించుకొనుచున్న ఆమె, 1963లో ఒకనాడు క్యాపిటల్ స్టూడియోకు బేస్ వాయింపవలసినవాడు రాకపోవుటచే ఆ పని చేతబట్టినది. ఆ తరువాత లాస్ ఏంజలస్‌లో ఆమె లేక సినిమా సంగీతము, టెలివిజను సంగీతము, పాట, ఏదియు నడువలేదన్నను అతిశయోక్తి స్వల్పమే. ఆమె వాయించిన రికార్డింగులు 10,000 ఉండునని అంచనా. 1969లో ఆమె వ్రాసిన బోధనగ్రంథము చదివి బేస్ నేర్చినవారు తరములకొలది ఉన్నారు. మగవారి గదిలో ఒంటరిగా కూర్చుండి తాళము తప్పకుండ తన పని తాను చేసికొనిపోయిన ఈ విదుషీమణిని గూర్చి ఇంకొక పూర్తి వ్యాసము వ్రాయవలసియున్నది.

మెకార్ట్నీ హాఫ్నర్‌ను సైతము 1972లో లండనులో దొంగలెత్తుకొనిపోయినారు. అభిమానులు పట్టువిడువక వెదకగా, అది తిరిగి అతని చేరినట్లు 2024లో లోకమునకు తెలిసినది. బేస్ గిటారులకు ఈ దొంగలబెడద ఏమో తెలియదుగాని, ఇంకను ఒకటున్నది.

మెట్లు పెరికినవాడు

జాకో పాస్టోరియస్ స్వభావము జేమర్సన్‌కు తూర్పుపడమర. ఇతడు చీకటిలో నిలువదలచినవాడు కాడు. లోకములో తనను మించిన బేస్ వాద్యకారుడు లేడని అడిగినవారికి, అడుగనివారికి కూడ చెప్పుకొన్నవాడు. అది నిజము కూడ అగుటయే వచ్చిన చిక్కు. 1951లో పెన్సిల్వేనియాలో పుట్టి ఫ్లోరిడా తీరమున పెరిగి, బాల్యములో డ్రమ్ములు వాయించుచు, ఫుట్‌బాల్ ఆటలో మణికట్టు దెబ్బతినుటచే బేస్ చేపట్టినాడు. ఆ తీరపు చెమ్మగాలికి అతని డబుల్ బేస్ పగిలిపోగా, ఆ నాదమును విద్యుత్ వాద్యమున పలికింపనెంచి, ఫెండర్ జాజ్ బేస్‌నుండి మెట్లన్నిటిని పెరికివేసి, ఆ గాళ్లను పూడ్చి, పడవలకు పూయు ఎపాక్సీ జిగురును దళసరిగా పూసినాడు.

మన గోటువాద్యమును విన్నవారికి మెట్లు లేకపోవుటవలన కలుగు లాభము వేరుగా చెప్పనక్కరలేదు. స్వరము ఒక గడినుండి మరియొక గడికి దుముకక జారును, వ్రేలిని కొంచెము కదిపినంతనే గమకము పుట్టును, బేస్ పాడుచున్నట్లుండును. 1976నాటి అతని తొలి ఆల్బము మొదటి రచన, చార్లీ పార్కర్ కాలమునాటి ‘డోనా లీ’. శాక్సఫోనుపైననే ఊపిరాడనీయని ఆ వరుసను ఇతడు కాంగా డ్రమ్ముల తోడు మాత్రమే ఉంచుకొని బేస్‌పై వాయించినాడు. అదే ఆల్బములోని ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’లో తీగను నొక్కక, కొన్ని బిందువులకడ తాకీతాకనట్లు తాకి, లోపల దాగియున్న అనుస్వరములను గంటలవలె మ్రోగించినాడు. ఆ సంవత్సరమే జోనీ మిచెల్ ఆల్బము ‘హెజీరా’లోను, మరుసటి ఏడు ‘వెదర్ రిపోర్ట్’ బృందము ‘హెవీ వెదర్’లోను అతని బేస్ వినబడినది. అటుపిమ్మట పదేండ్లు బేస్ పట్టిన ప్రతి యువకుడును మెట్లు పెరుకుటకు కుతూహలపడినాడు. పాడైపోయిన మంచి వాద్యముల లెక్క దేవునికెరుక.

ఇంత గర్వి కూడ తన గురువులను మరువలేదు. 1985లో చిత్రించిన అతని పాఠపు వీడియోలో ఎదుట కూర్చుండి ప్రశ్నలడిగిన పెద్దమనిషి జెర్రీ జెమ్మాట్. బి. బి. కింగ్ పాట ‘ది థ్రిల్ ఈజ్ గాన్’కు బేస్ వాయించిన ఆ జెమ్మాట్ రికార్డులు వినియే జాకో తొలినాళ్లలో తన చేతిని సరిచేసికొన్నాడు. పేరు తెలియని గురువును శిష్యుడు లోకప్రసిద్ధుడైన పిమ్మట ఎదుట కూర్చుండబెట్టుకొని గౌరవించిన ఆ దృశ్యము నేటికిని చూడదగినది. అప్పటికే మనోవ్యాధి, మద్యము జాకోను కూల్చుచుండినవి. 1986లో న్యూయార్కులో అతని మెట్లులేని బేస్ పోయినది. 1987లో ఫ్లోరిడాలోని ఒక క్లబ్బు వాకిట తిన్న దెబ్బలవలన, సెప్టెంబరు 21న, 35 ఏండ్లకే మరణించినాడు. ఇరువది సంవత్సరములకు ఆ బేస్ బయటపడగా, మెటాలికా బృందములో బేస్ వాయించు రాబర్ట్ ట్రుహియో డబ్బు పెట్టి దానిని దక్కించి, జాకో జీవితముపై ఒక డాక్యుమెంటరీ చిత్రమును నిర్మించినాడు. చెవులు చిల్లులుపడు హెవీ మెటల్ వాద్యకారుడు జాజ్ సాధకునికి తీర్చిన ఈ ఋణము, ఈ విద్యలో వంశవృక్షము ఎటు ప్రాకునో చూపుచున్నది.

బొటనవ్రేలితో తీగను మోది, చూపుడువ్రేలితో లాగి వదలు పద్ధతి, ఇప్పుడు ‘స్లాప్’ అనునది, ఇంకను చిత్రముగా పుట్టినది. ఓక్లండ్ నివాసియైన లారీ గ్రాహం తల్లి పాడుచు పియానో వాయించు బృందములో గిటారు వాయించుచు, కాళ్లతో ఆర్గన్ యొక్క మంద్రస్వరపు పెడళ్లు తొక్కెడివాడు. ఒకనాడు ఆర్గన్ చెడినది. తాత్కాలికముగా ఒక బేస్ గిటారును అద్దెకు తెచ్చినాడు. తరువాత తల్లి డ్రమ్ములవాడు అక్కరలేదన్నది. లేని డ్రమ్ముల దెబ్బను భర్తీచేయుటకై బొటనవ్రేలితో పెద్ద డ్రమ్మును, లాగిన తీగ చప్పుడుతో చిన్న డ్రమ్మును అనుకరించినాడు. 1960వ దశకపు చివర ‘స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్’ రికార్డులలో ఆ చప్పుడు లోకమునకు వినబడినది. మార్కస్ మిల్లర్, ఫ్లీ, విక్టర్ వూటెన్ – ఈ పరంపరయంతయు ఆ చెడిపోయిన ఆర్గన్ వరమే. అయితే నేడు కొందరు యువకులు బొటనవ్రేలి వేగమునే సంగీతమనుకొని నిముషమునకు ఎన్ని దెబ్బలో లెక్కపెట్టుకొనుచుండుట చూడ, ఆ తల్లి బృందమునకు ఒక డ్రమ్ములవాని నుంచుకొనియుండిన బాగుండెడిదేమోయని అప్పుడప్పుడు తోచును.

మద్రాసు స్టూడియోల మంద్రము

తెలుగువారమైన మనకు ఈ విద్య పరాయిది కాదు, ఎరుగక వినినది. మన సినిమా పాటలు మద్రాసులో రికార్డగు కాలమున, ఇళయరాజా గారి రచనలలో బేస్ గిటారుకు లభించిన గౌరవము భారతీయ చలనచిత్ర సంగీతములో అపూర్వము. ధన్‌రాజ్ మాస్టారు వద్ద పాశ్చాత్య సంగీతము నభ్యసించిన వారు, ప్రతి వాద్యమునకును స్వరలిపి తామే వ్రాసి యిచ్చెడివారు. బేస్‌కు వ్రాసినది ఊరక ఆధారస్వరము కాదు, పల్లవికి ఎదురునడచు మరియొక పల్లవి. జర్మను విద్వాంసుడు బాఖ్ రచనలలో దిగువ గాత్రము తన త్రోవ తాను నడచుచు పైగాత్రముతో సంభాషించు రీతిని వారు ఎంతగా ప్రేమించినారో, 1986నాటి వారి వాద్యసంగీత ఆల్బమును త్యాగరాజస్వామికిని బాఖ్‌కును అంకితమిచ్చుట వలననే తెలియును. జేమర్సన్‌కు కాగితముమీద ఖాళీ వదలినారు, ఇక్కడ కాగితము నిండియుండెడిది. రెండు మార్గములును బేస్‌ను పాటలో సమాన భాగస్వామిని చేసినవి.

ఆ కాగితమునకు ప్రాణముపోసిన చేయి శశిధరన్ గారిది. దశాబ్దములపాటు ఇళయరాజా గారి బేస్ గిటారిస్టుగా పనిచేసిన వారిని దక్షిణాది వాద్యకారులు ఎంత భక్తితో తలచుదురో అంతగా శ్రోతలు ఎరుగరు. ‘సితార’, ‘గీతాంజలి’ పాటలను నోరార పాడుకొన్న తరము మనది. గాయకుల పేర్లు, కవి పేరు, దర్శకుని పేరు కంఠతా వచ్చును. ఇయర్‌ఫోను పెట్టుకొని ఇళయరాజా గారి ఆ కాలపు పాట నేదేని, గాయకుని కొంతసేపు ప్రక్కనుంచి, అడుగుభాగమునే పట్టుకొని వినిచూడుడు. ముప్పదియేండ్లుగా తెలిసినదనుకొన్న పాటలో తెలియని పాట ఇంకొకటి కనబడును.

తరువాతి తరమున ఎ. ఆర్. రహమాన్ గారి పాటలకు కీత్ పీటర్స్ గారి బేస్ వెన్నెముకయైనది. ఇంకొక తరమునకు వచ్చునప్పటికి, 1996లో పుట్టిన ముంబయి యువతి మోహినీ డే. తండ్రి సుజయ్ డే స్వయముగా బేస్ వాద్యకారుడై బిడ్డకు నేర్పినాడు. దక్షిణాది కొన్నక్కోల్ జతులను నోటితో పలుకుచు అదే లెక్కను బేస్‌పై ఏకకాలమున మీటు ఆమె, రహమాన్, జాకిర్ హుస్సేన్ వంటి దిగ్గజముల సరసన చిన్నవయస్సుననే వాయించి, 2023లో తన పేరిట తొలి ఆల్బమును వెలువరించినది. పాశ్చాత్యులు కొందరు ఇప్పుడు ఆమె వీడియోలు చూచి మన తాళపు లెక్కలు నేర్చుకొనుచున్నారు. డెట్రాయిట్ నుండి లివర్‌పూల్‌కు ఒకప్పుడు ప్రవహించిన విద్య ఇప్పుడు ముంబయి నుండి ఎదురు ప్రవహించుచున్నదన్నమాట.

రహమాన్ గారు తమ ఆల్బముల లోపలి అట్టలపై ప్రతి వాద్యకారుని పేరును అచ్చువేయించు అలవాటును తెచ్చినారు; మార్విన్ గే 1971లో చేసిన పని అదియే. క్యాసెట్టు పోయి, సీడీ పోయి, పాట ఫోనులోనికి వచ్చిన పిమ్మట ఆ అట్టయే లేకపోయినది. నేడు తెలుగు పాట అంతర్జాలములో విడుదలయగునప్పుడు దాని దిగువ వివరణలో నిర్మాత, నటీనటులు, ఆడియో సంస్థ, ప్రచారకర్త వరకు స్థలము దొరకుచున్నది; బేస్ వాయించినవారికి దొరకుట అరుదు. స్థలమునకు అక్కడ వెల లేదు, కాగితము ఖర్చును లేదు. కావున సంగీతదర్శకులకు, ఆడియో సంస్థలవారికి మా మనవి ఒక్కటే: విడుదలచేయు ప్రతి పాటకును వాద్యకారుల పేర్లను జతపరచుడు. బేస్ గిటారు ఫలానావారు అని ఒక్క పంక్తి చాలును.